పరీక్ష తప్పిన పిల్లవాడు, ఆకులోని వెలుగు

నేను మన గంపలగూడెం బడి విద్యార్థిని. ఇప్పుడు పోర్ఫిరిన్ల మీద పరిశోధన చేస్తున్నాను. ఆకుకు పచ్చదనమిచ్చే పత్రహరితం, రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ ఈ కుటుంబానివే. స్వర్ణోత్సవ సంచికకు రాయమనగానే నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు; ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, ఎల్.ఎం.ఎస్.తోనే బయటికొచ్చారు. అమెరికాలో ఆసుపత్రి పనులు చేసుకుంటూ హార్వర్డులో చదివారు. అక్కడ ఫిస్కేతో కలిసి కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుగొన్నారు. తర్వాత లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని, బోదకాలు మందును అందించాయి.

నా పనికీ ఆయనకూ సంబంధం ఇక్కడే. వెలుగు తగలగానే పత్రహరితం ఒక ఎలక్ట్రాన్‌ను పక్క అణువుకు ఇచ్చేస్తుంది. అది చేతులు మారుతూ సాగే ప్రయాణంలో వచ్చే శక్తితో ఏటీపీ తయారవుతుంది. ఆకులోని హరితరేణువులు కాంతితో ఏటీపీని తయారుచేస్తాయని ఆర్నన్ బృందం 1954లో చూపింది. అప్పటికి ఆరేళ్ల క్రితమే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు కన్నుమూశారు.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. కిరణజన్య సంయోగక్రియ పాఠం చెప్పే రోజున ఈ పేరు కూడా చెప్పండి. పరీక్ష తప్పి తలవంచుకు కూర్చున్న పిల్లలు వినేలా చెప్పండి.