లాహోరు రౌతు

పార్లమెంటు ఆవరణలో 2003 ఆగస్టులో ప్రతిష్ఠించిన మహారాజా రంజిత్ సింగ్ కాంస్య విగ్రహం అశ్వారూఢమై ఉన్నది. 2019లో లాహోరు కోటలో నెలకొల్పిన విగ్రహమూ అట్టిదే. దానిని దుండగులు పలుమార్లు ధ్వంసం చేయగా, బాగుచేసి 2024లో కర్తార్‌పూర్‌కు తరలించారు. సరిహద్దుకు ఇరువైపులా శిల్పులు ఆయనను గుర్రం మీదనే ఊహించారంటే అది కేవలం ఆనవాయితీ కాదని నా అభిప్రాయం. ఆయన రాజనీతికి పాఠశాల జీను మీదనే ఉన్నది.

1780లో గుజ్రాన్‌వాలాలో పుట్టిన ఈ బాలుని ఎడమ కంటిని మశూచికం హరించింది. అక్షరజ్ఞానం అబ్బలేదు. స్వారీ, వేట, ఖడ్గవిద్య, ఇవే చదువులు. పన్నెండేండ్లు నిండీ నిండకముందే తండ్రి మహా సింగ్ గతించగా, సుకర్‌చకియా మిస్ల్ ఆధిపత్యం ఆ చిన్న చేతులలో పడింది. మిస్ల్ అనగా రౌతుల కూటమి. గుర్రమూ, కత్తీ రౌతు సొంత ఆస్తి. నాయకుడు నచ్చకుంటే గుర్రాన్ని వేరొక శిబిరానికి మళ్లించుకొనే స్వేచ్ఛ అతనికున్నది. అట్టి వారిని కొరడాతో నిలుపుకోవడం అసాధ్యం. పంతొమ్మిదో ఏట, 1799లో, అత్త సదా కౌర్ అండతో లాహోరు ప్రవేశించిన రంజిత్ సింగ్ నగరాన్ని దోచరాదని సైన్యాన్ని కట్టడి చేయగలిగాడంటే, ఆ కూటమి అప్పటికే కళ్లేనికి అలవాటు పడినదన్న మాట.

నేల మీద కూర్చున్నప్పుడు పొట్టిగా, అనాకారిగా కనిపించే ఈ మనిషి గుర్రమెక్కగానే వేరొక వ్యక్తిగా మారిపోయేవాడని ఆయనను చూసిన ఐరోపా యాత్రికులు వ్రాశారు. పక్షవాతం పీడించిన చివరి సంవత్సరాలలో సైతం సేవకులు ఎత్తి జీను మీద కూర్చోబెడితే స్వారీ చేసేవాడు. పెషావరు పాలకుడు యార్ మహమ్మద్ ఖాన్ వద్దనున్న లైలీ అనే గుర్రం కోసం సాగిన పోరు జగద్విదితం. అరువది లక్షల రూపాయలు, పన్నెండు వేల మంది సైనికులు దానికి చెల్లించిన మూల్యమని ఆస్ట్రియా యాత్రికుడు హ్యూగెల్‌కు చెప్పారట. ఆ లెక్కలో రాచరికపు అతిశయం ఎంతో పాఠకులే ఊహించుకోగలరు. ఒక జంతువు మీది మోజుకు మనుషుల ప్రాణాలు వెచ్చించడం ఆ కాలపు ప్రభువులకు తప్పుగా తోచలేదు. నాకు మాత్రం తప్పుగానే తోస్తున్నది.

అయితే గుర్రాన్ని అంతగా ప్రేమించినవాడే గుర్రపు దళం పరిమితిని గుర్తించడం విశేషం. 1809లో బ్రిటిషు రాయబారి మెట్కాఫ్ వెంట అమృత్‌సర్‌కు వచ్చిన కొద్దిపాటి సిపాయిలు తమపైకి దూకిన అకాలీలను వరుస చెదరక నిలిచి తిప్పికొట్టారు. రంజిత్ సింగ్ మనసులో అది నాటుకున్నది. సిక్కు రౌతుకు కాలినడక యుద్ధం చిన్నతనం. కవాతు అతని కంటికి నాట్యకత్తెల అడుగులు. రాజు బలవంతపెట్టలేదు. స్వయంగా కవాతులకు హాజరై, బహుమానాలు పంచి, క్రమంగా జీతాలిచ్చి పదాతిదళానికి గౌరవం తెచ్చాడు. 1822లో వచ్చిన అల్లార్డ్‌కు ఆశ్వికదళాన్నీ, వెంతురాకు పదాతిదళాన్నీ తీర్చిదిద్దే పని అప్పగించాడు. జాగీర్దార్లు అరువు గుర్రాలతో లెక్క చూపకుండా గుర్రాలకు ముద్రలు వేయించి, రౌతుల ఆనవాళ్లు చిట్టాలకెక్కించాడు. ఓడిన ముల్తాన్ నవాబు కొడుకులకు సైతం జీవనాధారం కల్పించాడు. బెదిరిన గుర్రాన్ని ముందు నిమిరి తరువాత కళ్లెం వేసే సాహిణి నేర్పు ఇందులో కనిపిస్తుంది.

ఆయన బలహీనత ఇంగ్లీషువారికీ తెలుసు. 1831లో నాలుగవ విలియం రాజు కానుకగా అయిదు భారీ బండి గుర్రాలు లాహోరు చేరాయి. అంతటి గుర్రాలు ఎండ దారిన నడవలేవన్న మిషతో అలెగ్జాండర్ బర్న్స్ వాటిని సింధు నది మీద పడవలలో తెచ్చాడు. అసలు పని నది లోతులు కొలవడం. ఇది ప్రభుత్వానికి తగని మోసమని మెట్కాఫే ఆక్షేపించాడు. ఏనుగులంతటి ఆ గుర్రాలను చూసి మహారాజు మురిసిపోయాడు. మరుసటి ఏడే సింధు అమీర్లతో కంపెనీ ఒప్పందం కుదుర్చుకున్నది. ఆయన ఆశించిన షికార్‌పూర్ దక్కలేదు. 1843లో సింధు రాజ్యమే కంపెనీ పరమైంది. కానుక మర్మం ఆయన గ్రహించలేదని నేననుకోను. గ్రహించీ కంపెనీతో తలపడలేదు; 1809 ఒడంబడికను కడదాకా పాటించాడు.

కాని అన్ని పగ్గాలూ తన పిడికిటనే ఉంచుకున్నాడు. మంత్రులుగా ఫకీర్ అజీజుద్దీన్, దీనానాథ్, ధ్యాన్ సింగ్ వంటి సమర్థులను ఏరుకున్నవాడు, వారసుని మాత్రం తయారు చేయలేదు. 1839 జూన్ 27న కన్నుమూశాడు. కొడుకు ఖడక్ సింగ్ కొన్ని నెలలలోనే అధికారం పోగొట్టుకున్నాడు. మనుమడు నౌనిహాల్ తండ్రి అంత్యక్రియల నాడే మరణించాడు. షేర్ సింగ్‌ను 1843లో హత్య చేశారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందన్న మన సామెత అక్కడ అక్షరాలా రుజువైంది. సైనిక పంచాయతీలే దర్బారును శాసించాయి. రెండు యుద్ధాల అనంతరం, 1849 మార్చిలో, పదేండ్ల దలీప్ సింగ్ చేత కంపెనీవారు లాహోరులో రాజ్యత్యాగ పత్రం మీద చేవ్రాలు చేయించుకున్నారు.