మంచుకొండ మీద మిగిలిపోయిన మాలరీ

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం వ్రాసి పంపమని సంపాదకులు కోరారు. దేశనాయకుల గురించి తోటి మిత్రులు ఎలాగూ వ్రాస్తారు కనుక నేను ఒక కొండలెక్కే మనిషిని ఎన్నుకొన్నాను. నా మట్టుకు నేను ఎక్కినది తిరుమల మెట్లదారి ఒక్కటే. అదైనా మోకాళ్ళ పర్వతం దగ్గర నాలుగుసార్లు చతికిలబడి లేచాను. అందుచేత ఈ విషయంలో నాకున్నది పుస్తకజ్ఞానమేనని ముందే మనవి చేసుకుంటున్నాను.

జార్జి మాలరీ 1886 జూన్ 18న ఇంగ్లండులో చెషైర్ ప్రాంతపు మాబర్లీ గ్రామంలో ఒక మతాచార్యుని ఇంట జన్మించారు. ఏడేళ్ళ వయసులోనే చర్చి కప్పు మీదికి ఎక్కి కూర్చున్నారట. వించెస్టర్ బడిలో చదివేటప్పుడు గ్రాహం ఇర్వింగ్ అనే ఉపాధ్యాయుడు 1904లో ఆల్ప్స్ పర్వతాలకు తీసుకువెళ్ళడంతో ఆ వ్యసనం పట్టుకుంది. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, 1910లో చార్టర్‌హౌస్ పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. 1914 జులై 29న రూత్ టర్నర్‌ను వివాహమాడిన ఆరు రోజులకే వారి దేశం మహాయుద్ధంలో దిగింది. ఆయన శతఘ్నిదళంలో పనిచేసి ప్రాణాలతో తిరిగివచ్చారు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. మనలాగే నెలజీతం మీద నడిచే సంసారం.

1921లో ఎవరెస్టు దారి వెదకడానికి వెళ్ళిన మొదటి బృందంలో మాలరీ ఉన్నారు. అప్పట్లో నేపాలు విదేశీయులను రానిచ్చేది కాదు. అందుచేత డార్జిలింగు నుంచి బయలుదేరి, టిబెట్ మీదుగా చుట్టుతిరిగి, ఉత్తరం వైపు నుంచి కొండను చేరేవారు. ఆ యాత్రలోనే డాక్టర్ కెల్లాస్ అనే సభ్యుడు దారిలో జబ్బుచేసి మరణించారు.

1922లో రెండవసారి వెళ్ళినప్పుడు మాలరీ ప్రాణవాయువు సిలిండరు లేకుండా దాదాపు 8,200 మీటర్ల ఎత్తుకు చేరారు. అయితే జూన్ 7న, కొత్తగా కురిసిన మంచు గట్టిపడకముందే, నార్త్ కోల్ అనే కనుమకు ఎక్కే ప్రయత్నంలో మంచు విరిగిపడి ఏడుగురు కూలీలు మరణించారు. దొరలు ఒక్కరూ పోలేదు. ముందు నడిచినవారిలో మాలరీ ఉన్నారు. ఆ తప్పు తనదేనని ఆయన జీవితాంతం బాధపడ్డారు. ఆయన మిత్రుడు డాక్టర్ సోమర్‌వెల్ అయితే, ఆ పోయినవారిలో తెల్లవాడు ఒక్కడైనా ఉంటే బాగుండేదని కుమిలిపోయారు.

ఈ సోమర్‌వెల్ గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆ యాత్ర ముగిశాక దక్షిణ తిరువాన్కూరులోని నెయ్యూరు మిషను ఆసుపత్రి చూడబోయి, రోగుల రద్దీ చూసి, లండను వైద్యం వదులుకొని మన దేశంలోనే స్థిరపడ్డారు. తరువాతి కాలంలో వేలూరు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పారు. మన చిత్తూరు జిల్లావాళ్ళు వైద్యానికి పరుగెత్తే వేలూరే అది.

ఇక 1924. మాలరీకి అప్పటికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో కొత్త ఉద్యోగం. భార్యాబిడ్డలను వదిలి మూడోసారి వెళ్ళాలా వద్దా అని చాలా ఊగిసలాడారు. చివరకు వెళ్ళారు. మే 24న నలుగురు కూలీలు పైన నార్త్ కోల్‌లో చిక్కుకుపోయారు. నాయకుడు నార్టన్, సోమర్‌వెల్, మాలరీ ముగ్గురూ, దగ్గుతో, అలసటతో ఉండి కూడా, ఎక్కివెళ్ళి నలుగురినీ సజీవంగా దింపుకొచ్చారు. శిఖరానికి దాచుకోవలసిన శక్తి అక్కడ ఖర్చయిపోయిందని కొందరంటారు. ఆ ఖర్చు వ్యర్థమని నేను అనుకోను. 1922 నాటి ఏడుగురినీ మాలరీ మరచి ఉండరు.

జూన్ 4న నార్టన్ సిలిండరు లేకుండానే సుమారు 8,570 మీటర్ల దాకా వెళ్ళి వెనుదిరిగారు. ఆ తరువాత 22 ఏళ్ళ ఆండ్రూ ఇర్విన్‌ను వెంటబెట్టుకొని మాలరీ బయలుదేరారు. జూన్ 8 మధ్యాహ్నం 12 గంటల 50 నిమిషాలకు, మేఘం కాస్త విడినప్పుడు, ఇద్దరు పైకి కదులుతుండగా ఓడెల్ అనే సహచరుడు చూశారు. అంతే. మళ్ళీ మేఘం కమ్మింది.

ఓడెల్ ఒంటరిగా పై శిబిరానికి మళ్ళీ మళ్ళీ ఎక్కి వెదికారు. జాడ లేదు. అరిచినా వినపడని దూరాలు కనుక, నార్త్ కోల్ మీద దుప్పట్లను శిలువ ఆకారంలో పరచి కింది వారికి తెలియజేశారు. కిందివారు దూరదర్శినిలో అది చూసి అర్థం చేసుకొన్నారు. సంకేతాక్షరాలలో తంతి వ్రాసి మనిషిచేత పంపగా, అది జూన్ 19న లండను చేరింది. అంతకు ముందు రోజే మాలరీ 38వ పుట్టినరోజు.

మిగిలినవారు వెంటనే మూటలు కట్టుకొని వెళ్ళిపోలేదు. సోమర్‌వెల్, బీథమ్ పూనుకొని కింది శిబిరం దగ్గర రాళ్ళు పేర్చి స్మారకం నిలిపారు. పలకరాళ్ళ మీద మూడు యాత్రలలోనూ పోయినవారి పేర్లు చెక్కారు. కెల్లాస్, ఏడుగురు కూలీలు, మాలరీ, ఇర్విన్‌లతో పాటు ఆ ఏడాదే పోయిన షంషేర్‌పున్ అనే గూర్ఖా సిపాయి, మన్‌బహదూర్ అనే చెప్పులు కుట్టే అతను, వీళ్ళ పేర్లు కూడా. ఇది చదివినప్పుడు నాకు నేను పనిచేసిన ఒక కార్యాలయం జ్ఞాపకం వచ్చింది. అధికారి పోతే సంతాపసభ, సగం రోజు సెలవు. అదే నెలలో అటెండరు పోతే ఆయన స్టూలు మీద మరొకరిని కూర్చోబెట్టారు, అంతే. నేనూ ఆ రోజు నోరు మెదపలేదు.

1924 అక్టోబరు 17న లండను సెంట్ పాల్ ప్రార్థనామందిరంలో సంతాపసభ జరిగింది. రాజుగారి ప్రతినిధులు వచ్చారు. ముగ్గురు పిల్లలతో రూత్ ఒంటరిగా మిగిలారు.

ఆ ఇద్దరూ శిఖరం చేరారా లేదా అన్నది తేలలేదు. 1933లో ఇర్విన్‌ది అనుకొనే మంచుగొడ్డలి దొరికింది. 1995లో మాలరీ మనవడు, తాతగారి పేరే పెట్టుకొన్న జార్జి, అదే ఉత్తరపు వైపు నుంచి ఎక్కి తాత, నాయనమ్మల ఫొటోను శిఖరం మీద ఉంచి వచ్చారు. 2014లో మన తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ ప్రాయంలో ఎక్కినదీ ఆ ఉత్తరపు వైపు నుంచే.

1999 మే 1న అమెరికా పర్వతారోహకుడు కాన్రాడ్ ఆంకర్‌కు సుమారు 8,155 మీటర్ల ఎత్తున, బోర్లా పడి ఉన్న ఒక శరీరం కనిపించింది. నడుముకు తెగిన తాడు. ఇర్విన్ అనుకొన్నారు. చొక్కా కాలరు మీద కుట్టిన పేరు చూస్తే మాలరీ! జేబులో చలికళ్ళద్దాలు, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు, దుకాణం బిల్లు కూడా ఉన్నాయి. ఆ గాలిలో, ఆ చలిలో, పుట్టేనాటికి ఆయన పోయి దశాబ్దాలైన ఆ కుర్రవాళ్ళు రాళ్ళు ఒక్కొక్కటే మోసి తెచ్చి శరీరాన్ని కప్పారు. ఇంగ్లండు నుంచి వెంట తెచ్చుకొన్న ప్రార్థన చదివారు. 75 ఏళ్ళకు ఆయనకు అంత్యక్రియలు జరిగాయి.

ఇర్విన్ కోసం మరో పాతికేళ్ళు ఆగవలసివచ్చింది. 2024 సెప్టెంబరులో కింద మంచునదిలో ఒక బూటు బయటపడింది. లోపలి మేజోడుకు ఎర్రదారంతో ఆయన పేరు కుట్టి ఉంది.