గిండీ హాస్టల్లో ఒక్కతే

ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు పోయే దారిలో ఆర్‌టీపీపీ పొగగొట్టాలు చూడనోళ్లు మనలో ఎవరూ ఉండరు. అక్కడ పుట్టిన కరెంటు సబ్‌స్టేషన్ దాటి లైన్లెక్కి పోతుంది కదా. అలాంటి సబ్‌స్టేషన్లకు లేఅవుట్లు, లైన్లకు డిజైన్లు గీసిన తెలుగామె ఒకరున్నారు. అయ్యలసోమయాజుల లలిత. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు.

1919 ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. 15 ఏళ్లకు పెళ్లి. 18 ఏళ్లకు భర్త పోయారు. ఒళ్లో నాలుగు నెలల పాప. మళ్లీ చదువుతానన్నారు. డాక్టరైతే అర్ధరాత్రి పిలిచినా పోవాలి, మరి పాప సంగతి? అందుకే ఇంజనీరింగ్ అనుకున్నారు.

తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడి 1940లో సీటు ఇప్పించారు. నాన్న ప్రొఫెసర్ కాబట్టే వచ్చిందంటారా? నిజమే, కానీ పరీక్షలు రాసింది ఆమే.

క్లాసులో పెద్ద ఇబ్బంది లేదు. కష్టమంతా హాస్టల్లోనే. వందల మంది అబ్బాయిల కాలేజీలో ఒక్కతే అమ్మాయి, సాయంత్రమైతే మాట్లాడే దిక్కు లేదు. అప్పుడు కాలేజీవాళ్లు అమ్మాయిలకూ సీట్లిస్తామని ప్రకటన వేశారు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా వచ్చి సివిల్లో చేరారు. ఆ త్రేసియానే తర్వాత కేరళలో చీఫ్ ఇంజనీర్ అయ్యారు.

హ్యాకథాన్ టీముల్లో ఒక అమ్మాయిని పెట్టుకుని, పీపీటీ పని అప్పజెప్పి, మా టీములోనూ అమ్మాయి ఉందిలే అనుకుంటాం చూడండి, అప్పుడల్లా నాకు ఈ హాస్టల్ గుర్తొస్తుంది. ఆ అమ్మాయి రాత్రంతా ల్యాబులో కూర్చోవాలంటే పక్కన ఇంకో ఇద్దరైనా ఉండొద్దా?

చదువయ్యాక జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. భాక్రా నంగల్ డ్యామ్ కరెంటు పనుల్లో ఆమె డిజైన్లున్నాయి. పాప కోసం సైట్లకు తిరగకుండా ఆఫీసులోనే డిజైన్ పని చేశారు. ఆమె డ్యూటీకి పోతే పాపను చూసుకున్నది వదినగారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. 1979 అక్టోబరు 12న, 60 ఏళ్లకే పోయారు.

అన్నట్టు, పట్టా సంగతి మరిచా. గిండీలో పట్టాలన్నీ మగవాళ్లకే అచ్చేసి పెట్టుకున్నవి. అందులో హీ అని ఉన్నచోట కొట్టేసి, షీ అని చేత్తో రాసిచ్చారు.