ఉద్యోగి అంబేడ్కర్: బరోడా ఆఫీసు నుంచి మంత్రి పదవి దాకా

బాబాసాహెబ్‌ను మనం రాజ్యాంగ నిర్మాతగా తలుచుకుంటాం. ఊరూరా ఉన్న విగ్రహాల్లో ఆయన చేతిలో పుస్తకం ఉంటుంది, వేలు ముందుకు చూపిస్తుంటుంది. ఆయన నెల జీతం మీద బతికిన మనిషని, ఆఫీసుకు వెళ్లి అవమానపడి ఇంటికొచ్చిన మనిషని మాత్రం జయంతి సభల్లో పెద్దగా చెప్పుకోం. ఇవాళ ఆఫీసుల్లో, కాలేజీల్లో, ఫ్యాక్టరీల్లో మనవాళ్లు పడుతున్నదంతా ఆయన ముందే పడ్డాడు. అందుకే ఈసారి ఆయన ఉద్యోగ జీవితం గురించే రాస్తున్నాం.

ఉద్యోగం అనే మాటకు ఆ ఇంట్లో మొదటినుంచీ బరువుంది. తండ్రి రాంజీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదార్, సైనిక పాఠశాలలో పంతులు. మహర్లకు చదువు, నికరమైన జీతం, కాస్త గౌరవం దొరికిన చోటు సైన్యమే. 1891 ఏప్రిల్ 14న మహూ కంటోన్మెంటులో అంబేడ్కర్ పుట్టిన కొద్ది కాలానికే ఆ తలుపు మూసుకుంది. కొన్ని కులాలే యుద్ధానికి పనికొస్తాయన్న సిద్ధాంతం పట్టుకుని బ్రిటిష్‌వాళ్లు మహర్లను సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. పనితనం చూడలేదు, కులం చూశారు. మళ్లీ పూర్తి స్థాయి మహర్ రెజిమెంటు 1941లో గానీ ఏర్పడలేదు. అందుకోసం ఒత్తిడి తెచ్చినవాళ్లలో రాంజీ కొడుకూ ఉన్నాడు.

1913లో బరోడా మహారాజా శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేడ్కర్ అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలన్నది షరతు. అక్కణ్ణుంచి లండన్ వెళ్లాడు. అక్కడి చదువు సగంలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు ముగిసింది. 1917 ఆగస్టులో తిరిగొచ్చాడు. వేరే ఓడలో పంపిన సామాను, పుస్తకాలు యుద్ధంలో సముద్రం పాలయ్యాయి. వాటికి వచ్చిన నష్టపరిహారం డబ్బే బరోడా ప్రయాణానికి దారి ఖర్చయింది.

ఆ సెప్టెంబరులో బరోడాలో రైలు దిగాడు. ఎదురెళ్లి తీసుకురమ్మని మహారాజా చెప్పినా స్టేషనుకు ఒక్కరూ రాలేదు. అస్పృశ్యుడొకడు పెద్ద ఉద్యోగంలో చేరబోతున్నాడన్న కబురు మాత్రం అప్పటికే ఊరంతా పాకింది. మహారాజాకు సైనిక కార్యదర్శిగా నియమించారు. కొన్నాళ్లు పని నేర్పించి ఆర్థిక మంత్రిని చేయాలన్నది గైక్వాడ్ ఆలోచన. పైనుంచి చూస్తే ఇంతకంటే మంచి అవకాశం ఇంకేముంటుంది?

ఆఫీసు లోపల సంగతి వేరు. ప్యూన్లు ఫైళ్లు చేతికివ్వకుండా దూరం నుంచి ఆయన బల్ల మీదికి విసిరేవాళ్లు. ఆయన లేచి వెళ్తుంటే మైలపడకుండా తివాచీ చుట్టేసేవాళ్లు. తాగడానికి మంచినీళ్లు ఉండేవి కావు. ఆయనకు జీతం ఎగ్గొట్టలేదు, పదవి తీసేయలేదు, పోవోయ్ అని నోటితో ఒక్కరూ అనలేదు. అయినా అక్కడ ఒక్క రోజు కూడా నిశ్చింతగా పని చేయనివ్వలేదు. పని స్థలంలో వివక్ష ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే మేము ముందు ఈ బరోడా గదినే చూపిస్తాం. ఉద్యోగం ఇవ్వకపోవడం ఒక్కటే వివక్ష కాదు. ఇచ్చాక ఆ కుర్చీలో కూర్చోలేకుండా చేయడం కూడా వివక్షే.

ఇంకో విషయం గమనించాలి. ఆ ప్యూన్లు ఆయనకంటే కింది ఉద్యోగులు. హోదాలో ఆయన పైన, కులంలో వాళ్లు పైన. రెండూ తలపడితే కులమే గెలిచింది. దళిత అధికారి మాట కింది సిబ్బంది ఎందుకు వినరో తెలియాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు.

ఉండటానికి ఇల్లు దొరకలేదు. హిందూ హోటళ్లు రానివ్వవు. చివరికి ఒక పార్సీ సత్రంలో రోజుకు రూపాయిన్నర చొప్పున, అక్కడి కాపలామనిషి ఒప్పుకోగా, పార్సీ పేరు రాయించుకుని దిగాడు. పై అంతస్తులో ఇంకెవరూ లేరు. విరిగిన బల్లలు, చెత్తాచెదారం, చీకటి, గబ్బిలాలు. కొలంబియాలో చదివొచ్చిన ఇరవయ్యారేళ్ల మనిషి అక్కడ పది రోజులు గడిపాడు. పదకొండో రోజు ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుంటే కర్రలు పట్టుకుని పార్సీల గుంపొకటి మెట్లెక్కి వచ్చింది. సత్రాన్ని మైలపరిచావని మీదపడింది. సాయంత్రానికల్లా ఖాళీ చేయాలంది. తెలిసిన ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగాడు. ఇద్దరూ ఏదో సాకు చెప్పి తప్పించుకున్నారు. రాత్రి 9 గంటల బొంబాయి రైలు వచ్చేదాకా కామఠీ బాగ్ తోటలో కూర్చున్నాడు. హైదరాబాద్‌లో గది అద్దెకు అడిగితే ముందు ఇంటిపేరు, ఆ తర్వాత మీరేమిట్లు అని అడిగించుకున్న మన పిల్లలకు ఈ కథ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. ఇల్లు దొరకని ఊళ్లో ఉద్యోగం నిలవదు.

బరోడా ఆయన్ను ఉండనివ్వలేదు, అప్పు మాత్రం వదల్లేదు. షరతు ప్రకారం కొలువు చేయలేదు కాబట్టి స్కాలర్‌షిప్ డబ్బు తిరిగి కట్టమంటూ సంస్థానం నుంచి ఏళ్ల తరబడి ఉత్తరాలు వచ్చాయి.

బొంబాయిలో పొట్టకూటికి పిల్లలకు ప్రైవేట్లు చెప్పాడు. పెట్టుబడుల మీద సలహాలిచ్చే చిన్న వ్యాపారం పెట్టాడు. సలహాదారు కులం తెలియగానే వచ్చేవాళ్లు మానేశారు. 1918 నవంబరులో సిడెన్‌హామ్ కాలేజీలో రాజకీయ అర్థశాస్త్రం ప్రొఫెసర్‌గా చేరాడు. పాఠం బాగా చెబుతాడని పేరొచ్చింది, వేరే కాలేజీల విద్యార్థులు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. స్టాఫ్ రూములో మాత్రం, అందరూ తాగే కుండలో నీళ్లు ఆయన తాగకూడదని తోటి ప్రొఫెసర్లు అభ్యంతరం చెప్పారు. వాళ్లంతా చదువుకున్నవాళ్లే, చదువు చెప్పేవాళ్లే. జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో 1920లో మళ్లీ లండన్ వెళ్లి, ఆగిన చదువు పూర్తి చేసి, బారిస్టరై వచ్చాడు. సనదుకు కట్టాల్సిన డబ్బు పార్సీ మిత్రుడు నావల్ భతేనా ఇచ్చాడు. బొంబాయి హైకోర్టులో బారిస్టర్‌కు కేసులు రావాలంటే సొలిసిటర్లు పంపాలి. వాళ్లు అంటరాని లాయరుకు పంపరు. జిల్లాల నుంచి వచ్చే చిన్న కేసులతో, పేద కక్షిదారులతో నెట్టుకొచ్చాడు. మెరిట్ ఉంటే చాలు, ఎవరూ ఆపలేరని మనకు సుద్దులు చెప్పేవాళ్లు ఆయన డిగ్రీలన్నీ ఒకసారి లెక్కపెట్టాలి.

ఇక్కడిదాకా ఒక మనిషి పడ్డ బాధ. ఆ తర్వాత ఆయన చేసింది మాకు ఇంకా ముఖ్యం. తన బాధను తనదిగా మాత్రమే చూసుకోలేదు. బొంబాయి మిల్లుల వైపు చూశాడు.

బట్టల మిల్లుల్లో దళితులు వేలల్లో పనిచేసేవాళ్లు. అయితే నూలు వడికే విభాగంలో, తక్కువ కూలీ ఉండే పనుల్లోనే. ఎక్కువ డబ్బొచ్చే నేత విభాగంలోకి రానిచ్చేవాళ్లు కాదు. కారణం ఒక నూలు పోగు. కండె మార్చినప్పుడు మగ్గం నాడెలోంచి దారాన్ని నోటితో పీల్చి బయటికి లాగాలి. ఒకరు నోరుపెట్టిన నాడెకు ఇంకొకరు నోరుపెట్టాలి. దళితుడి ఎంగిలి తగులుతుందని సవర్ణ కార్మికులు ఒప్పుకోలేదు. యజమాని చేతులు దులుపుకున్నాడు. ఎర్రజెండా యూనియన్లూ ఆ ఊసెత్తలేదు. 1928లో లక్షన్నర మంది కార్మికులు నెలల తరబడి సమ్మె చేసినప్పుడు అంబేడ్కర్ నాయకులను నిలదీశాడు. నేత విభాగంలో దళితులకు పని అన్నది డిమాండ్లలో చేర్చకపోతే మావాళ్లు సమ్మెలో ఉండరన్నాడు. అయిష్టంగానే చేర్చారు. యజమానులు కూడా ఈ డిమాండు చూసి నవ్వి ఉంటారు. దళితులను ఆపింది తాము కాదు, ఆ కార్మికులే అని వాళ్లకు బాగా తెలుసు.

అదే ఏడు బొంబాయి శాసన మండలిలో రెండు పనులు చేశాడు. కార్మిక స్త్రీలకు ప్రసూతి భృతి ఇవ్వాలన్న బిల్లును సమర్థించాడు. మహర్ వతన్ పద్ధతిని సంస్కరించే బిల్లు పెట్టాడు. వతన్ అంటే ఊరికి పుట్టుకతో వచ్చిన చాకిరీ. కొద్దిపాటి భూమి, ఇంటింటా అడుక్కునే గింజలు ఇచ్చి, రాత్రనక పగలనక సర్కారు పనంతా చేయించుకుంటారు. ఇంట్లో ఒకడు లేకపోతే ఇంకొకడు రావాలి. తెలంగాణలో వెట్టి చేసిన తాతల మనవళ్లకు దీని రుచి తెలుసు. ఆ బిల్లు నెగ్గలేదు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో దళిత రైల్వే కార్మికుల సభలో ఆయన చెప్పిన విషయాలు ఏ ఆఫీసు సిబ్బంది జాబితా పక్కన పెట్టుకుని చదివినా అర్థమవుతాయి. దళితుడు పట్టాల మీద గ్యాంగ్‌మన్‌గా చేరితే గ్యాంగ్‌మన్‌గానే ముసలివాడవుతాడు. పోర్టరు ఉద్యోగం కూడా రాదు, ఎందుకంటే పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పనులు చేయాలి, దళితుణ్ణి ఇంట్లోకి రానివ్వరు. గుమాస్తా పోస్టులు లోపలివాళ్ల బంధువులకు పోతాయి. వర్క్‌షాపుల్లో మెకానిక్ దాకా ఎదగనివ్వరు. బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ కార్మికుడికి శత్రువులేనని అక్కడే తేల్చి చెప్పాడు. ఆ ఏడాది నవంబరు 7న, సమ్మె హక్కును కుదించే బిల్లుకు వ్యతిరేకంగా, కమ్యూనిస్టులతో కలిసి బొంబాయిలో ఒకరోజు సమ్మె నడిపించాడు. పదేళ్ల కిందట నాడె దగ్గర గొడవపడ్డది కూడా వాళ్లతోనే.

1942 జులైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యాడు. గ్యాంగ్‌మన్ గురించి మాట్లాడిన మనిషి చేతికి సంతకం చేసే కలం వచ్చింది. ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పని 48కి తగ్గిన చట్ట సవరణ 1946లో వచ్చింది, దాని వెనక ఆయన శాఖ పనుంది. బొగ్గు గనుల విషయంలో మాత్రం ఆయన మీద విమర్శ ఉంది, దాన్ని దాచిపెట్టం. యుద్ధ కాలంలో భూగర్భంలో స్త్రీల చేత పని చేయించకూడదన్న నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తేసింది, సభలో ఆ నిర్ణయాన్ని సమర్థించింది ఆయనే. అదే సభలో, మగవాడికిచ్చే కూలీయే ఆడమనిషికీ ఇవ్వాలన్న నియమం పెట్టామని కూడా చెప్పాడు. నిషేధం 1946లో మళ్లీ అమల్లోకి వచ్చింది.

ఆ పదవిలో ఉండగానే 1942 అక్టోబరులో వైస్రాయికి పెద్ద వినతిపత్రం ఇచ్చాడు. కేంద్ర సర్వీసుల్లో దళితులు ఎంతమంది ఉన్నారో లెక్కతీసి చూపించాడు. 1934లోనే ప్రభుత్వం ముస్లింలకు 25 శాతం, ఇతర మైనారిటీలకు 8.33 శాతం ఉద్యోగాలు కేటాయించి, దళితులకు ఏ అంకే లేకుండా వదిలేసింది. తగినవాళ్లు దొరకరన్నది సాకు. ఆయన పట్టు పట్టాక 1943 ఆగస్టులో షెడ్యూల్డ్ కులాలకు 8.33 శాతం వచ్చింది. వయసులో మూడేళ్ల సడలింపు, పరీక్ష ఫీజులో తగ్గింపు కూడా వచ్చాయి. జనాభా లెక్కన చూస్తే అది తక్కువే. తర్వాత 12.5 శాతమైంది. రిజర్వేషన్ పదేళ్లకే అన్నారు కదా అని వాదించేవాళ్లు చట్టసభల సీట్లనూ ఉద్యోగాలనూ కలిపేసి మాట్లాడతారు. ఉద్యోగాల రిజర్వేషన్‌కు రాజ్యాంగంలో పదేళ్ల గడువు ఎక్కడా లేదు.

ఆ గడువు లేని అధికరణ 16వది. 1948 నవంబరు 30న రాజ్యాంగ సభలో చర్చకు వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో అందరికీ సమాన అవకాశం ఉండాలని ఒకవైపు వాదన. ఇంతకాలం పాలనలో అడుగుపెట్టనివ్వని వర్గాలకు చోటు కల్పించాలని ఇంకోవైపు. ఆ రెంటినీ ఒకే అధికరణలో కూర్చానని అంబేడ్కర్ సభకు వివరించాడు. అధికరణ రాసిన మనిషికి కుర్చీ ఇచ్చి కూర్చోనివ్వకపోవడం ఏమిటో తెలుసు. 1975లో ఎన్.ఎం.థామస్ కేసులో సుప్రీంకోర్టు కూడా రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదని, సమానత్వంలో భాగమేనని చెప్పింది.

అయితే 16వ అధికరణ ప్రభుత్వ ఉద్యోగాలదే. ప్రైవేటు కంపెనీ గుమ్మం దగ్గర అది ఆగిపోతుంది. అక్కడ పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి వేరే ఉన్నాయి. అంటరానితనం పేరుతో ఒక మనిషిని ఏదైనా వృత్తి, ఉద్యోగం చేయనివ్వకపోవడం 1955 పౌరహక్కుల చట్టం ప్రకారం నేరం. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఉద్యోగానికి అడ్డుపడటం, ఆర్థిక బహిష్కరణ చేయడం కూడా నేరాలే. మన తెలుగువాళ్లు చాలామంది ఉండే అమెరికాలో సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కులవివక్షను నిషేధించింది. దాన్ని వ్యతిరేకించినవాళ్లలోనూ మన దేశంవాళ్లున్నారు.

మళ్లీ ఆయన కథకు వద్దాం. స్వతంత్ర భారత తొలి న్యాయ మంత్రి ఆయన. ఇంతకంటే పెద్ద కుర్చీ లేదు. 1951 సెప్టెంబరు 27న రాజీనామా చేశాడు. హిందూ కోడ్ బిల్లు కోసమే అని అందరూ చెబుతారు, నిజమే. ఆయన చెప్పిన మిగతా కారణాలు కూడా చదవాలి. తాను అర్థశాస్త్రం చదివినవాడైనా ప్రణాళిక వంటి శాఖ ఇవ్వలేదు. విదేశాంగ, రక్షణ వంటి ముఖ్యమైన మంత్రివర్గ సంఘాల్లో వేయలేదు. ఆర్థిక వ్యవహారాల సంఘంలో ఒకసారి వేసి తీసేశారు, తాను గట్టిగా అడిగాకే మళ్లీ చేర్చారు. షెడ్యూల్డ్ కులాల రక్షణను ప్రభుత్వం పట్టించుకోవడం లేదు. ఈ మాటలన్నీ అక్టోబరులో పార్లమెంటులో చదవాలని వెళ్లాడు. డిప్యూటీ స్పీకర్ మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్. ప్రకటన ప్రతి ముందుగా ఇవ్వాలని, సాయంత్రం చదవాలని ఆయన అన్నారు. అంబేడ్కర్ ఒప్పుకోలేదు. సభలోంచి బయటికి వచ్చి, కాగితాలు పత్రికలవాళ్లకు ఇచ్చేశాడు.