అన్నము శక్తియగు మర్మము: యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరీనది పాయలుగా చీలి వరిపొలములను తడుపు సీమలో భీమవరము పేరుగాంచిన పట్టణము. అచ్చట 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూశాఖలో ఉద్యోగి. అనారోగ్యముచే ముందుగనే కొలువు మానుకొనెను. తల్లి వెంకమ్మ. వారి ఏడుగురు సంతానములో సుబ్బారావు నాలుగవవాడు.

రాజమహేంద్రవరమున చదువుచుండిన కాలమున సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. పదమూడేండ్ల ప్రాయమున కాశికిపోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపదలచి ఇల్లు విడిచెను. పెద్దలు వెదకి వెనుకకు తెచ్చిరి. 1913లో తండ్రి మరణించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పినను తల్లి పట్టు విడువలేదు. తుద కాతడు మదరాసులోని హిందూ ఉన్నత పాఠశాల నుండి మూడవ పర్యాయమున కృతార్థుడయ్యెను. పిదప ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి మదరాసు వైద్యకళాశాలలో చేరెను.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మ్రోగుచుండిన దినములు. సుబ్బారావు శస్త్రచికిత్సాలయమునకు సయితము ఖద్దరు ధరించి పోవుచుండెను. ఆంగ్లేయుడగు ఆచార్యున కది రుచింపలేదు. అందుచే ఆతనికి ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను.

ఇంతకంటె పెద్ద దుఃఖ మింటనే కలిగెను. ఆతని అన్నదమ్ములిద్దరు కొలది దినముల వ్యవధిలో సంగ్రహణివ్యాధికి బలియైరి. అది ఉష్ణదేశములలో ప్రబలు రోగము. రోగి అన్నము తినుచునే యుండును. కాని ప్రేగులు దానిని గ్రహింపలేవు. కంచమున అన్నము కలదు, దేహమునకు బలము లేదు. తినిన ఆహారము దేహమున ఏమగును? ఏల కొందరికి అది శక్తి కాకపోవును? ఈ ప్రశ్న సుబ్బారావును జీవితాంతము వెంటాడెను.

మదరాసులో ఆచంట లక్ష్మీపతి నడపుచుండిన ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము శరీరశాస్త్రము బోధించిన పిమ్మట ఆతడు విదేశవిద్యకు సంకల్పించెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయము చేయుదు ననెను. మామగారును ధనము సమకూర్చెను. భార్య శేషగిరిని పుట్టినింట విడిచి, 1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. పగలు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల పాత్రలు కడుగు కొలువు. ఆ కొలువును ఆతడు చిన్నతనముగా భావింపలేదు.

సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, రక్తమునందును మూత్రమునందును గల భాస్వరమును కొలుచు పద్ధతి నొకదానిని ఆతడు కనిపెట్టెను. ద్రావణమున పుట్టు నీలిరంగు గాఢతనుబట్టి భాస్వరమెంతయో తెలియును. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతి నేటికిని వారిరువురి పేరనే పిలువబడుచున్నది.

కండరములోని పిండిపదార్థము లాక్టికామ్లముగా మారుటయే కదలికకు మూలమని ఆనాటి పండితులు తలచుచుండిరి. ఫిస్కే, సుబ్బారావులు కండరరసమును పరీక్షించునపుడు నీలిరంగు వెంటనే రాక మెల్లమెల్లగా చిక్కబడుట గమనించిరి. ఇతరులైన లోపమని వదలివేసెడివారేమో! వారు కారణము వెదకి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. యనబడు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును కనుగొనిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున స్వతంత్రముగా దీనిని గుర్తించెను.

దీని విలువ మన డెల్టా రైతు సులభముగా గ్రహింపగలడు. గాదెలోని ధాన్యముతో అంగడిలో అన్ని సరకులు కొనలేము. దానిని రొక్కముగా మార్చవలెను. అట్లే అన్నములోని శక్తిని దేహము ఏ.టి.పి. యను రొక్కముగా మార్చి, నడకకును, ఊపిరికిని, ఆలోచనకును వ్యయపఱచుచున్నదని తరువాతి పరిశోధనలచే తేటపడెను.

ఇంతటి కృషి చేసినను హార్వర్డులో ఆతనికి స్థిరమగు ఆచార్యపదవి లభింపలేదు. 1940లో సుబ్బారావు లెడర్లీ ఔషధసంస్థలో చేరెను. ఆతని నాయకత్వమున పనిచేసిన బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. ఆకుకూరలయందును పప్పుధాన్యములయందును ఉండు విటమిను ఇది. దీనిని సంగ్రహణిరోగుల కొసగగా పలువురికి రక్తము పుష్టిపడి, ఆకలి పుట్టి, దేహము తేఱుకొనెను. అన్నదమ్ములను కబళించిన వ్యాధికి మందు దొరకెను. కాని అప్పటికి పాతికేండ్లు గడచిపోయెను.

ఫోలికామ్లమునకు ఎదురు పనిచేయు మందులును అచ్చటనే పుట్టెను. వానిలో ఒకటి 1948లో శిశువుల రక్తకేన్సరుకు తాత్కాలికముగానైనను ఉపశమన మొసగెను. మఱియొకటి యగు మెథోట్రెక్సేటు నేడు కీళ్లవాపునకు, అనగా దీర్ఘకాలిక శోథకు, వైద్యు లిచ్చు ముఖ్యౌషధము. మన దేశమున బోదకాలు నివారణకై ప్రజలకు పంచిన హెట్రజానుగూడ ఆ సంస్థ పరిశోధనాఫలమే.

1948 ఆగస్టులో న్యూయార్కునందు సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటి కాతని వయస్సు 53 ఏండ్లు. మాతృదేశమును గాని, భార్యను గాని మరల చూడలేదు. 1995లో ఆతని శతజయంతికి భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

సుబ్బారావు మధుమేహమును ప్రత్యేకించి పరిశోధింపలేదు. అయినను ఆతని ప్రశ్న నేడు మన కంచము ముందే నిలిచియున్నది. రక్తములోని చక్కెర కణములలో ప్రవేశింపవలెనన్న ఇన్సులిన్ కావలెను. నడుముచుట్టు క్రొవ్వు పెరిగినపుడు దేహమున సన్నని శోథ రగులుచుండును. అందుచే ఇన్సులిన్ ఆజ్ఞను కణములు సరిగా పాటింపవు. అప్పుడు చక్కెర రక్తముననే నిలిచిపోవును. కంచము నిండినను కణము పస్తుండును. 2023లో వెలువడిన గణనము ప్రకారము మన దేశమున పదికోట్లకు మించి మధుమేహరోగులు కలరు.

మన పూర్వులు దంపుడు బియ్యము తినిరి. మరలు వచ్చినపిదప తవుడు పశువులకు పోయి, తెల్లని మెతుకు మనకు మిగిలెను. తవుడుతో పీచును విటమినులును పోయెను. పీచు పోయిన పిండిపదార్థము త్వరగా చక్కెరయై రక్తమున చేరును. ఇరువదియొక్క దేశములలో లక్షకు మించిన జనులను పరిశీలించి 2020లో ప్రకటించిన పరిశోధనలో, తెల్లబియ్యము అధికముగా తినువారికి మధుమేహ భయము హెచ్చనియు, దక్షిణాసియా ప్రజలలో ఆ హెచ్చు మఱింత స్పష్టమనియు తేలెను.

బాలబాలికలారా! వరి మన సీమకు ప్రాణము, దానిని నిందింపనక్కఱలేదు. ముడిబియ్యమో, దంపుడు బియ్యమో మితముగా తిని, పప్పును ఆకుకూరలను జోడించి, దేహమునకు తగిన శ్రమ నిచ్చిన చాలును. అన్నము ఎంత తింటిమని గాక, తినిన అన్నము ఏమగుచున్నదని అడుగుటకు భీమవరపు బిడ్డ యొకడు తన జీవితమునే ధారపోసెను. ఆ ప్రశ్నను మఱవకుండుటయే మన మాతనికి చెల్లింపగల ఋణము.