ఓటమిని పాఠముగా చదివిన ఉపాధ్యాయుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

గ్రంథాలయముల బీరువాలలో మహనీయుల చరిత్రలకు కొదువ లేదు. రాజులు, కవులు, సంస్కర్తలు, దేశభక్తులు అందు వరుసగా కొలువుదీరి యుందురు. ఆ వరుసలో ఆటగాండ్ర చరిత్రలు మాత్రము అరుదు. ఆట పిల్లల కాలక్షేపమనియు, చదువునకు అది శత్రువనియు మన పెద్దలలో ఒక తలంపు తరతరములుగా పాతుకొని యుండుటయే ఇందులకు కారణము కావచ్చును. ఆ తలంపు సరికాదని తన బ్రతుకు చేతనే చూపిన ఒక బడిపంతులు మన హైదరాబాదులో ఉండెడివారు. భారతదేశపు ఫుట్‌బాల్ జట్టును రెండు పర్యాయములు ఆసియా విజేతగా నిలిపి, ఒక పర్యాయము ఒలింపిక్ సెమీఫైనలు వరకు నడిపిన ఆ ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున పాఠకులకు, విశేషించి యువకులకు, ఆయన జీవితమును సంగ్రహముగా తెలుపుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

రహీం గారు 1909వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీన హైదరాబాదు నగరమున జన్మించిరి. అప్పుడు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ రాజ్యమేలుచుండెను. మన నారాయణఖేడ్ ప్రాంతము ఆ రాజ్యమందలి బీదరు జిల్లాలో చేరి యుండెను. బాల్యము నుండియు రహీం గారికి చదువునందును, ఆటయందును సమానమైన ఆసక్తి యుండెను. ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుచు అచ్చటి ఫుట్‌బాల్ జట్టులో ఆడిరి. ఆ విశ్వవిద్యాలయపు పూర్వ విద్యార్థులును, నాటి విద్యార్థులును కలిసి ఏర్పరచుకొన్న ఎలెవెన్ హంటర్స్ జట్టులోను ఆడిరి. పట్టభద్రులైన పిమ్మట ఉపాధ్యాయ వృత్తిని స్వీకరించి కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో పనిచేసిరి. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, చివరి రెండు పాఠశాలలలో ఆటల బాధ్యతను కూడ వహించిరి. పగలు పిల్లలకు పాఠములు చెప్పి, సాయంకాలము మైదానమున ఖమర్ క్లబ్బు పక్షమున ఆడుచుండిరి.

ఆటగాడుగా కంటె ఆట నేర్పువాడుగానే ఆయన కీర్తి పెద్దది. 1940వ దశకమున హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, మరణించువరకు ఆ పదవిలో సేవ చేసిరి. ఆ కాలమున మన దేశమందు ఒక విధమైన ఆట ప్రబలి యుండెను. బంతి దొరికినవాడు దానిని విడువక, ఎదిరివారిని ఒక్కొక్కరినే తప్పించుకొనుచు ఒంటరిగా పోవుటయే గొప్ప యని ప్రేక్షకులు చప్పట్లు కొట్టెడివారు. రహీం గారికి ఇది నచ్చలేదు. ఒక్కడు పరుగెత్తుట కంటె బంతి పరుగెత్తుట మేలు. పదునొకండుగురు ఒక్క మనస్సుతో ఆడినగాని జట్టు కాదు. ఈ సత్యమును ఆయన ఉపన్యాసములతో బోధింపక పోటీల నియమములలోనే పెట్టిరి. బంతిని వెంటపెట్టుకొని పోక, అందిన వెంటనే తోటివానికి అందింపవలెనను నియమముతో కొన్ని పోటీలు నడిపిరి. కుడికాలి వాటము గలవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటము గలవారు కుడికాలితోను మాత్రమే బంతిని తన్నవలెనను నియమముతో మరికొన్ని నడిపిరి. మొదట నవ్వులాటగా తోచిన ఈ పోటీలలో ఆరితేరిన బాలురు రెండు కాళ్లతోను సమానముగా ఆడనేర్చిరి. బలహీనమైన అంగమునే ఎక్కువగా సాధన చేయింపవలెనను ఈ పద్ధతి ఏ విద్యకైనను వర్తించునది కదా!

1950లో రహీం గారు హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ ఏడు మొదలు 1954 వరకు వరుసగా ఐదు సంవత్సరములు ఆ జట్టు బొంబాయి నగరపు ప్రసిద్ధమైన రోవర్స్ కప్పును గెలుచుకొనెను. నాడు ఢిల్లీలో జరుగుచుండిన డ్యూరాండ్ కప్పును కూడ పలుమారులు తెచ్చెను. నాడు ఫుట్‌బాల్ అనగా కలకత్తాయే యని దేశమెల్ల అనుకొనుచుండగా, మన దక్కను పోలీసులు ఆ మహానగరపు పెద్ద జట్లను ఓడించుట ఎల్లరకు విస్మయము గొలిపెను. ఆ ఆటగాండ్రు ధనవంతులు కారు. ఆటయే వృత్తిగా జీవించువారును కారు. పోలీసు కొలువులో జీతము తెచ్చుకొనుచు, మిగిలిన వేళ సాధన చేసినవారు.

పేద పిల్లలలోని ప్రజ్ఞను కనిపెట్టుటలో రహీం గారి చూపు పదునైనది. సికిందరాబాదు దాపున నున్న అమ్ముగూడ గ్రామపు బాలుడు తులసీదాస్ బలరాం ఇందుకు తార్కాణము. ఆ బాలుని ఆట చూచి నగరమునకు వచ్చి సాధన చేయుమని రహీం గారు కోరిరి. అంత దూరము వచ్చుటకు బాలుని చేతిలో డబ్బు లేదు. రహీం గారు సైకిలు అద్దె సొమ్మును తామే ఇచ్చి రప్పించుకొనిరి. ఆ పల్లెటూరి బాలుడే 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో భారతదేశము పక్షమున ఆడి, 1962లో ఆసియా విజేతయై, అర్జున పురస్కారము నందెను. బలరాం గారు 2023లో దివంగతులైరి.

భారత జట్టు శిక్షణ బాధ్యత రహీం గారికి లభించిన పిమ్మట తొలి పరీక్ష 1951లో ఢిల్లీ నగరమున జరిగిన మొదటి ఆసియా క్రీడలు. శైలేన్ మన్నా నాయకత్వమున మన జట్టు ఇండొనేషియాను, ఆఫ్ఘనిస్తానమును చెరి మూడు గోళ్ల తేడాతో ఓడించి, ఫైనలులో ఇరానును 1–0 గా జయించి స్వర్ణ పతకము పొందెను. ఆ ఒక్క గోలు మేవాలాల్ చేసినది. దేశము సంబరపడెను.

ఆ సంబరము మరుసటి సంవత్సరమే చెదరెను. 1952లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలలో యుగోస్లావియా మన జట్టును 10–1 గా ఓడించెను. మనవారిలో పెక్కురు ఉత్తకాళ్లతో ఆడిరి. ఉత్తకాళ్లతో ఆడుట అంతకుముందు మనకొక గర్వకారణముగా నుండెను. ఎండిన మన నేలపై అది చెల్లినది. పరదేశపు పచ్చిక మైదానములందు, బూట్లు తొడిగిన బలిష్ఠుల నడుమ చెల్లలేదు. ఇట్టి పరాభవము కలిగినపుడు అదృష్టమును నిందించుట మానవ సహజము. అట్లుగాక, తప్పు ఎచ్చట నున్నదో వెదకి దిద్దుకొనుటయే ఉపాధ్యాయుని లక్షణము. ఈ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించుటను తప్పనిసరి చేసెను. రహీం గారు సాధన పద్ధతిని, ఆటగాండ్ర అమరికను కొత్తగా తీర్చిదిద్దుటకు పూనుకొనిరి.

దీని ఫలము నాలుగు సంవత్సరములకు కనబడెను. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి, మన నారాయణఖేడ్ బీదరు జిల్లాను వీడి మెదకు జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశమున భాగమయ్యెను. సరిగా ఆ నెలలోనే మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనవి. భారత జట్టులో అజీజ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మొదలగు హైదరాబాదు ఆటగాండ్రు ఉండిరి. డిసెంబరు 1వ తేదీన ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4–2 గా మనవారు ఓడించిరి. ఆ నాలుగింటిలో మూడు గోళ్లు నెవిల్ డిసౌజా ఒక్కడే చేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటయందు మూడు గోళ్లు చేసిన తొలి ఆసియావాసి అతడే. సెమీఫైనలులో మరల యుగోస్లావియాయే ఎదురయ్యెను. తొలి గోలు మనదే యైనను తుదకు 4–1 గా ఓడితిమి. మూడవ స్థానపు ఆటలో బల్గేరియా చేతిలో 3–0 గా ఓడితిమి. పతకము దక్కకున్నను, ఆసియా ఖండమునుండి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన తొలి జట్టు మనదే.

1960లో రోము నగరమున మన జట్టు హంగేరీ చేతిలో 2–1 గాను, పెరూ చేతిలో 3–1 గాను ఓడి, ఫ్రాన్సుతో 1–1 గా సమముగా నిలిచెను. హంగేరీ, పెరూల మీద చేసిన గోళ్లు రెండును మన బలరామువే. రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడ ఆ జట్టులో నుండెను. భారతదేశము ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆడుట అదియే కడపటిసారి.

రహీం గారి జీవితమునకు శిఖరము 1962వ సంవత్సరము. ఇండొనేషియా రాజధాని జకార్తాలో నాలుగవ ఆసియా క్రీడలు జరిగినవి. ఇజ్రాయేలు, తైవానులను క్రీడలకు రానీయకపోవుటను భారతీయుడైన జి. డి. సోంధీ గారు విమర్శించిరి. అందుచే అచ్చటి ప్రజలు ఆగ్రహించి భారత రాయబార కార్యాలయముపై దాడి చేసిరి. మన ఆటగాండ్రు మైదానమున అడుగిడినపుడెల్ల కేకలు, ఈలలు చెలరేగుచుండెను. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2–0 గా మనలను ఓడించెను. తరువాతి ఆటలో థాయిలాండుపై 4–1 గా గెలిచితిమి గాని, మన రక్షణకు వెన్నెముక యైన జర్నైల్ సింగు తల పగిలి కుట్లు పడెను. జపానుపై 2–0 గా గెలిచి సెమీఫైనలు చేరితిమి.

ఇచ్చట రహీం గారి బుద్ధికుశలత వెల్లడియైనది. గాయపడిన జర్నైలును వెనుక రక్షణలో నిలిపినచో తలకు దెబ్బలు తప్పవు. విడిచిపెట్టినచో జట్టు బలము తగ్గును. ఆయన అతనిని ముందుకు తెచ్చి ఎదురుదాడి స్థానమున నిలిపిరి. అతడు సెమీఫైనలులో దక్షిణ వియత్నాముపై ఒక గోలు చేసెను; ఆ ఆట 3–2 గా గెలిచితిమి. సెప్టెంబరు 4వ తేదీన, సుమారు లక్ష మంది ప్రేక్షకుల ఎదుట, తొలుత మనలను ఓడించిన దక్షిణ కొరియాతోనే ఫైనలు జరిగెను. ప్రదీప్ కుమార్ బెనర్జీ 17వ నిమిషమునను, జర్నైల్ సింగు 20వ నిమిషమునను గోళ్లు చేసిరి. కొరియా వారు చివరి నిమిషములలో ఒకటి చేసినను, మనము 2–1 గా జయించితిమి. ఆ జనసముద్రమున మన పక్షమున జయధ్వానము చేసినవారిలో పాకిస్తాను హాకీ ఆటగాండ్రు ఉండిరని మనవారు పిమ్మట తలచుకొనిరి.

ఇట్టి ఘట్టమే అంతకు ఎనిమిదేండ్ల క్రితము ఐరోపాలో జరిగియుండెను. 1954 ప్రపంచకప్పు పోటీలలో సెప్ హెర్బెర్గర్ శిక్షణలోని పశ్చిమ జర్మనీ జట్టు హంగేరీ చేతిలో 8–3 గా ఓడి, రెండు వారములకు ఫైనలులో ఆ హంగేరీనే 3–2 గా ఓడించెను. హెర్బెర్గర్ పేరు జర్మనీలో నేటికిని బాలురకు సైతము తెలియును. ఒక ఓటమిని పదిహేను దినములలోపల గెలుపుగా మార్చిన మన రహీం గారి పేరు మన బాలురలో ఎందరికి తెలియును?

జకార్తా నాటికే ఆయన ఆరోగ్యము క్షీణించుచుండెను. పొగత్రాగు అలవాటు ఆయనకు మిక్కుటముగా నుండెను. ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను కబళించెను. జకార్తా విజయమునకు పట్టుమని పది నెలలు నిండకమునుపే, 1963 జూను 11వ తేదీన, తమ 53వ యేట రహీం గారు కన్నుమూసిరి. ఆటగాండ్ర దేహములను అంత శ్రద్ధగా కాపాడిన గురువు తన దేహమును కాపాడుకొనలేకపోవుట శోచనీయము. ఈ లోపమును దాచి చెప్పుట చరిత్రకు న్యాయము కాదు. యువకులు దీనిని కూడ పాఠముగా గ్రహింపవలెను.

ఆయన వెంట ఒక యుగమే వెళ్లిపోయినది. 1970లో బ్యాంకాకున లభించిన కాంస్య పతకము దక్క, ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశము మరల పతకము నెరుగదు. హైదరాబాదు ఆట వైభవమును క్రమముగా తగ్గినది. 2024లో ఆయన జీవితమాధారముగా మైదాన్ అను హిందీ చలనచిత్రము వెలువడువరకు, మన రాష్ట్రములోనే ఆయన పేరు ఎరిగినవారు కొలదిమంది. ఒక మనిషి తలలో నిలిచిన విద్య ఆ మనిషితోనే పోవునట్టి దురవస్థకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను? గురువు పోయినను విద్య నిలువవలెనన్న, దానిని వ్రాసి దాచువారు, చదివి సాధించువారు, మరల మరియొకరికి నేర్పువారు వరుసగా ఉండవలెను. గ్రంథాలయమను సంస్థ పుట్టినదే అందుకొరకు.

ఇరువదియైదు వత్సరములు నిండిన మన గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చు బాలురలో పలువురు అంతకుముందు మైదానమున ఆడి వచ్చినవారే. వారి కాళ్ల దుమ్మును చూచి విసుగుకొనకుందుము గాక. ఉదయము పలక పట్టించి, సాయంకాలము బంతి నందించిన ఒక బడిపంతులు దేశమునకు రెండు స్వర్ణ పతకములు తెచ్చిన కథను వారికి చెప్పుదము. ఓడినపుడు ఏడ్వక, ఎందుకు ఓడితిమో వెదకిచూడుమని నేర్పుటయే రహీం గారికి మనము చేయదగిన నివాళి.