విప్పి, బిగించి విద్య నేర్చిన జి.డి. నాయుడు
గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో, తెలుగు రైతు కుటుంబంలో జన్మించారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. యౌవనంలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిల్ ఆయనను ఆకర్షించింది. హోటల్లో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, భాగాలన్నీ విప్పి, తిరిగి బిగించారు. పెట్రోలును, గాలిని తగుపాళ్లలో కలిపే కార్బురేటరు, గాలికే చల్లబడే ఇంజిను ఆయనకు తొలి పాఠాలయ్యాయి.

1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒకే బస్సుతో రవాణా ప్రారంభించారు. 1937లో బాలసుందరంతో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారు రూపొందించారు. 1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్ వెలసింది. నాలుగేళ్ల కోర్సు విద్యార్థుల కాలాన్ని వృథా చేస్తుందని భావించి, ప్రభుత్వంతో విభేదించి, ప్రిన్సిపాల్ పదవిని వదులుకున్నారు. 1974 జనవరి 4న కన్నుమూశారు.